కుడివైపు కొలత

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా అమ్మ నా స్కూలు యూనిఫాం లోపల మొదటిసారి ఒక చిన్న గుడ్డ మెత్త కుట్టింది. ఎడమవైపు నేను అందరు ఆడపిల్లల్లాగే ఎదుగుతున్నాను. కుడివైపు మాత్రం నిమ్మకాయంత దగ్గర ఆగిపోయింది. కొన్నాళ్లు చూస్తే అదే సర్దుకుంటుందని అమ్మ అనుకున్నట్టుంది. సర్దుకోలేదు.

మా ఇల్లు చిత్తూరులో. నాయనకు బెల్లం వ్యాపారం. ఆయన మండీకి వెళ్లాక అమ్మ తలుపు గడియ పెట్టి, నన్ను కిటికీ వెలుతురుకు ఎదురుగా నిలబెట్టేది. పాత నూలు చీర ముక్కలో బూరుగు దూది కూరి, అరచేత్తో ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి చూసి, దూది కొంచెం తీసో చేర్చో కుట్టు వేసేది. పని జరుగుతున్నంతసేపూ ఏమీ మాట్లాడేది కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. నేను పెరిగేకొద్దీ మెత్తలూ పెరిగాయి. లంగా ఓణీకి ఒక రకం, చుడీదార్‌కు ఒక రకం, పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు పట్టు జాకెట్టులోకి ఇంకొంచెం గట్టిగా ఉండేది ఒకటి. వాటికి మా ఇంట్లో పేరు లేదు. "అది పెట్టుకున్నావా?" అని అమ్మ అడిగేది, "ఊఁ" అనేదాన్ని. మా మధ్య ఆ విషయంలో జరిగిన సంభాషణ దాదాపు అంతే.

తిరుపతిలో డిగ్రీ చదివిన రోజుల్లో హాస్టల్లో అందరికంటే ముందు లేచి స్నానాల గదిలోనే బట్టలు మార్చుకునేదాన్ని. ఒకసారి క్లాసు పిల్లలందరం తలకోనకు వెళ్లాం. వాళ్లు జలపాతం కింద తడుస్తూ నన్ను రమ్మని పిలుస్తుంటే, జ్వరం వచ్చేట్టుందని చెప్పి బండ మీద అందరి సంచులకూ కాపలా కూర్చున్నాను. తడిస్తే దూది బరువెక్కి కిందికి జారుతుంది. ఆ భయం నాతో ఎంతగా కలిసిపోయిందంటే, అది భయమని కూడా నాకు తెలిసేది కాదు. నా స్వభావమే అంత అనుకునేదాన్ని.

డిగ్రీ అయ్యాక సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీల్లో ఒకదానిలో ఉద్యోగం వచ్చింది. ఫోన్లకు వేసే చిన్న చిన్న భాగాలు సరిగా ఉన్నాయో లేదో చూసే పని. అక్కడ నాతో పాటు గదిలో ఉన్న అమ్మాయిది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊరు. వాళ్ల నాయనకు చిన్న పడవ ఉండేది, రొయ్యలు పట్టేవాడు. ఆమె మనసులో ఏదీ దాచుకోదు. ఒక ఆదివారం నేను ఉతికి, తువ్వాలు కింద దాచి ఆరేసిన మెత్త గాలికి బయటపడితే, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది మే, చంటిపిల్లకాయల దిండు మాదిరి ఉండాది?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఆ పూట ఆమెకు చెప్పాను. ఆమె అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"డాక్టరుకు చూపించినారా?"

"లేదు."

"ఎప్పుడూ చూపించలా? మీయమ్మ తీసకపోలా?"

అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. మా ఊరి నుంచి వేలూరు ఆస్పత్రి ఎంత దూరం? పంటి నొప్పికి కూడా అక్కడికి వెళ్లే మనుషులం. అమ్మ ఇన్నేళ్లు కూర్చుని కుట్టింది గాని, ఒక్కసారి కూడా డాక్టరు దగ్గరికి పదమనలేదు. ఆ రోజు నుంచి అమ్మ మీద నాకొక కోపం మొదలైంది. పైకి కనిపించని కోపం. ఫోనులో మామూలుగానే మాట్లాడేదాన్ని, కానీ మాటలు తగ్గించాను.

సరిగ్గా అప్పుడే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పెళ్లయితే దాచలేనని తెలుసు. ఎవరో తెలియని మనిషి ముందు ఆ మెత్త తీసి పక్కన పెట్టడం పదేపదే ఊహించుకునేదాన్ని. ఆ ఊహే నన్ను తరిమింది. దాచుకున్న జీతం డబ్బులు ఉన్నాయి. గదిలో ఉండే ఆ స్నేహితురాలిని వెంటబెట్టుకుని లోకల్ ట్రైన్లో చెన్నై వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. అరవ యాసతో నెమ్మదిగా తెలుగు మాట్లాడేది. పరీక్ష చేశాక ఆమె అన్న మొదటి మాట ఇది: "కొందరికి ఒకవైపు ఎదగదు, ఇది జబ్బు కాదమ్మా. మీరు చేసిందీ, మీ అమ్మగారు చేసిందీ ఏమీ లేదు. ఎవరి తప్పూ కాదు." నేను తలూపాను. ఆ మాట నాకు అవసరం లేదనిపించింది. తర్వాత ఏం చేయాలో చెబుతుందని ఎదురుచూస్తున్నాను.

ఆమె సొరుగులోంచి, ఆపరేషన్ చేసి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్లు తీసి బల్ల మీద పరిచింది. కొన్ని గుండ్రంగా, పల్చటి బన్నుల్లా ఉన్నాయి. కొన్ని పైన సన్నగా, కింద నిండుగా, నీటిబొట్టులా ఉన్నాయి. ఒకదానిలో ఉప్పునీళ్లు, మిగతావాటిలో జెల్లు. కొన్నింటి పైపొర నున్నగా ఉంటే కొన్నింటిది గరుగ్గా ఉంది. ఒక్కొక్కటే చేతికిచ్చి చెప్పింది. ఉప్పునీళ్లది పగిలితే వెంటనే చప్పబడిపోతుంది, ఆ నీళ్లు ఒంట్లో కలిసిపోతాయి, కానీ నాలాంటి పల్చటి చర్మం కింద ముడతలు కనిపించవచ్చు. జెల్లుది ముట్టుకుంటే అసలుదానికి దగ్గరగా ఉంటుంది, కానీ లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు, అప్పుడప్పుడు స్కాను తీయించుకోవాలి. గుండ్రటిది లోపల తిరిగినా ఆకారం మారదు. నీటిబొట్టు ఆకారంది నా ఎడమవైపు వాలుకు బాగా సరిపోతుంది, అయితే అది తిరిగితే మాత్రం తేడా కనిపిస్తుంది. తిరగకుండా పట్టి ఉంచడానికే దాని పైపొర గరుకు.

నా స్నేహితురాలు ఉప్పునీళ్ల దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"నన్నడిగితే ఇదే మేలు మే. పగిలితే పగిలిందని తెలస్తాది గదా. లోపల చినిగినా తెలీకుండా ఉండేది మనకేంటికి?"

"ముడతలు పడతాయంటున్నారు కదా."

"ఎవురు సూస్తారు ముడతలు?"

 ఎవరు చూస్తారన్నదే కదా నా ప్రశ్నంతా.

డాక్టరమ్మ ఇంకో దారి కూడా చెప్పింది. కుడివైపు పెద్దది, ఎడమవైపు చిన్నది, రెండూ గుండ్రటివి పెడితే వయసు పెరిగినా రెండు వైపులూ కాస్త దగ్గరదగ్గరగా ఉంటాయట. బాగున్న వైపు కత్తి పెట్టనివ్వనని అన్నాను. ఆమె బలవంతం చేయలేదు. చివర్లో కళ్లద్దాలు తీసి, "మీకు తొందరేమీ లేకపోతే పిల్లలు పుట్టాక రండి. పాలిచ్చాక ఎడమవైపు మారుతుంది. ఇది మారదు. అప్పుడు చూసి పెడితే చాలాకాలం సరిపోతుంది," అంది.

"లేదండీ, ఇప్పుడే కావాలి."

"పెళ్లి కుదిరిందా?"

"ఇంకా లేదు."

ఆమె సరేనంది. జెల్లుతో నిండిన, గరుకు పైపొర ఉన్న నీటిబొట్టు ఆకారంది, కుడివైపు ఒక్కదానికే. నేను ఎంచుకున్నది అది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ బల్ల ముందు కూర్చుని నేను ఒక్కసారి కూడా నాకేది హాయిగా ఉంటుందని అడగలేదు. చీర పైట జారినప్పుడు ఏది తేడా కనిపించదో, పడకగదిలో ఏది అనుమానం రానివ్వదో, అదే చూశాను. ఇంకా ముఖం కూడా తెలియని ఒక మనిషి కళ్లతో ఏరుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్ని రోజులు చెయ్యి పైకి లేవలేదు. నా స్నేహితురాలే జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, డ్యూటీలో నాకు కామెర్లని చెప్పింది. కట్లు విప్పాక గదిలో అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. మెత్త లేకుండా మొదటిసారి బజారుకు వెళ్లి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చాను.

నొప్పి పూర్తిగా తగ్గాక చిత్తూరు వెళ్లాను. పెళ్లిచూపుల కోసం కొత్త జాకెట్టు కుట్టాలని అమ్మ గుడ్డ తెచ్చి పెట్టింది. ఎప్పటిలాగే తలుపు గడియ వేసింది. ఎప్పటిలాగే కిటికీ దగ్గర నిలబెట్టింది. ఎడమవైపు చూసి, కుడివైపు చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయింది.

"ఏంది పాప ఇది?"

"ఆపరేషన్ చేయించుకున్నాను. చెన్నైలో."

అమ్మ చెయ్యి తీసింది. టేపు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే విప్పి మళ్లీ చుట్టింది.

"తోడెవురుండినారు?"

"గదిలో ఉండే అమ్మాయి."

"నన్ను పిలిస్తే రానా? ఇన్నేండ్లు కొలత సూసింది నేను గదా."

నువ్వు నన్ను ఒక్కసారైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. అనకుండా మౌనంగా ఉండటమే మంచితనం అనుకున్నాను. ఆ రోజు ఆ మాట అనేసి ఉంటే, అమ్మ ఏదో ఒకటి చెప్పి ఉండేది. ఇద్దరం అరుచుకునేవాళ్లం, ఏడ్చేవాళ్లం. అమ్మ టేపును కుట్టుమిషను సొరుగులో పెట్టి, "టైలరు దగ్గర కుట్టిచ్చుకో. ఇంక ఎవురైనా కుట్టచ్చు," అని వంటింట్లోకి వెళ్లింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు తిరుపతిలో ఒక బ్యాంకులో పనిచేసే అబ్బాయి సంబంధం వచ్చింది. రెండు కుటుంబాలూ తిరుచానూరులో కలిశాయి. అమ్మవారి దర్శనం అయ్యాక పెద్దవాళ్లు లాడ్జి గదిలో మాట్లాడుకుంటుంటే మమ్మల్ని బయట నాలుగడుగులు నడిచి రమ్మన్నారు. పూల అంగళ్ల వరస చివరిదాకా వెళ్లాం. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బ్యాంకు గురించి రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. దాచడానికే అంతా చేయించుకున్నానా, తీరా ఆ మనిషి పక్కన నిలబడేసరికి దాచబుద్ధి కాలేదు. చెప్పేశాను. పుట్టుకతో ఒకవైపు ఎదగలేదనీ, చెన్నైలో ఆపరేషన్ చేయించుకున్నాననీ.

ఆయన నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు నొప్పేమన్నా ఉండాదా?"

"లేదు."

"మా నాయనకు మోకాట్లో ప్లేటు ఏసినారు. చలికాలం లాగుతాదంటాడు. ఇదీ అట్లాంటిదేనా?"

"అలాంటిది కాదు. లాగదు."

"సరే అయితే. ఎండగా ఉండాది, లోపలికి పోదాం పాండి."

అంతే. అంతకు మించి ఆ విషయం మీద ఆయన ఆ రోజు గాని, పెళ్లయ్యాక గాని ఏమీ అనలేదు. నేను అదృష్టవంతురాలినని నా స్నేహితురాలు అంది. నిజమే. కానీ ఆ పూల అంగళ్ల మధ్య నడిచి వస్తున్నప్పుడు నాకు కలిగింది ఊరట ఒక్కటే కాదు. ఈ మాట ముందే చెప్పి ఉండవచ్చు కదా, ఆగి ఉండవచ్చు కదా అనిపించింది. నేను ఎవరికి భయపడి తొందరపడ్డానో ఆ మనిషి అసలు లేనే లేడు.

తిరుపతిలో కాపురం పెట్టాం. పాప పుట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. ఎడమవైపు పాలతో బరువెక్కి, రెట్టింపయింది. కుడివైపు పాలు లేవు, అది అలాగే ఉంది. అటువైపు పడుకోబెట్టుకుంటే పాప నోటితో వెతికి వెతికి, దొరక్క, ఏడ్చేది. పురిటికి సాయంగా వచ్చిన అమ్మ చూస్తూ ఉండేది. ఎడమవైపుకు సరిపోయేలా విప్పి కుట్టిన నా జాకెట్లన్నీ ఇప్పుడు కుడివైపు వదులు.

ఒక మధ్యాహ్నం నేను నిద్రలేచేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒళ్లో తెల్లటి గుడ్డ, పక్కన దిండులోంచి తీసిన దూది.

"ఏంటమ్మా అది?"

"బారసాలకు జనం వస్తారు గదా. కుడిపక్కకు కొంచెం పెడితే సరిపోతాది."

అంత ఖర్చు పెట్టి, అంత నొప్పి పడి పెట్టించుకున్న దాని మీద మళ్లీ దూది మెత్త. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి, నా తల మీద చెయ్యి వేసింది.

"ఏడ్వాకు. పచ్చి బాలింతవు. పాలు ఇగిరిపోతాయి."

ఆమెలో గెలిచానన్న భావం ఏమాత్రం లేదు. చెప్పకుండా చేశావు, చూడు ఏమైందో అని ఆమె అని ఉంటే నాకు కోపమైనా వచ్చేది. పాప పాలు మానేశాక ఎడమవైపు తగ్గి, కిందికి వాలింది. కుడివైపు మాత్రం పెళ్లి కాని పిల్లకున్నట్టు ఎత్తుగా నిలిచే ఉంది. మెత్తలతో కూడా కప్పలేని తేడా అది.

పాప బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది అమ్మ పోయింది. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. కర్మకాండలు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. నేను అమ్మ చీరలు మడతపెడుతుంటే నాయన వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆయనకు నా సంగతి తెలియదనే నేను అప్పటిదాకా అనుకున్నాను.

"నీ ఆపరేషన్ ఎట్లుండాది పాప ఇప్పుడు?" అన్నాడు.

నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"మీయమ్మ నాకు చెప్పకుండా ఏముండాది? నీకు పదైదేండ్లప్పుడు వేలూరికి తీసకపోదామని నా ఎంబడి పడింది. ఒగసారి బస్టాండు దాకా కూడా బయల్దేరింది. నేనే వద్దంటి. ఆడపిల్లను ఇట్లాంటిదానికి డాక్టర్ల సుట్టూ తిప్పితే నలుగురికీ తెలస్తాది, రేపు సంబంధాలు రావని. మీయమ్మ మీద అరిసినాను కూడా."

 ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పాపం, అంతా తన వల్లే అనుకునేది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కుడిపక్కకు తిరిగే పడుకునేదంట. ఇంగో పక్కకు తిరిగితే నిద్ర పట్టేది కాదంట. అందుకే నీకు ఆ పక్క నలిగిపోయింది అనేది. సచ్చేదాకా అదే అనుకునింది."

మీ అమ్మగారు చేసిందీ ఏమీ లేదు, ఎవరి తప్పూ కాదు అని చెన్నైలో డాక్టరమ్మ నాతో ఎప్పుడో చెప్పింది. ఆ మాట ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. ఒక్క ఫోను చేస్తే అమ్మకు చేరేది. పురిటి మంచం పక్కన ఆమె కూర్చుని కుడుతున్నప్పుడు, మాటల్లో మాటగా చెప్పినా సరిపోయేది. ఆ మాట అవసరమైన మనిషి ఎవరో నాకు తెలియలేదు. నాయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. గడప మీద అలా కూర్చున్న మనిషి మీద అది రాలేదు. చీరలన్నీ మడతపెట్టి బీరువాలో సర్ది, ఆ సాయంత్రం తిరుపతి బస్సెక్కాను.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున వాటర్ క్యాన్ ఎత్తి స్టాండు మీద పెడుతుంటే కుడివైపు ఏదో కదిలినట్టయింది. నొప్పి లేదు. స్నానానికి వెళ్లి అద్దంలో చూసుకుంటే, కింద ఉండాల్సిన నిండుదనం చంక వైపుకు జరిగి ఉంది. స్కాను తీయిస్తే చిరగలేదు, తిరిగిపోయిందన్నారు. గరుకు పైపొర ఉన్న కొన్ని రకాల వల్ల చాలా అరుదుగా ఒక రకం క్యాన్సర్ వస్తోందనీ, అలాంటి కొన్నింటిని అమ్మకం నుంచి తీసేశారనీ అంతకుముందే ఫోనులో చదివి ఉన్నాను. నాది ఆ రకం కాదని తేలింది. అయినా భయం పోలేదు.

మళ్లీ చెన్నై. అదే డాక్టరమ్మ, జుట్టు పూర్తిగా నెరిసింది. ఈసారి మా ఆయన పక్కన కూర్చున్నాడు. అమ్మను తీసుకురావాల్సిన చోటు అదని లోపలికి వెళ్లేటప్పుడే అనిపించింది. డాక్టరమ్మ మళ్లీ బల్ల మీద పరిచింది. ఉన్నదాన్నే సరిచేసి కుట్లతో పట్టి ఉంచవచ్చు, మళ్లీ తిరగదని చెప్పలేం. గుండ్రటి, నున్నటి దానికి మార్చవచ్చు, ఎడమవైపు కూడా పైకి లేపి కుడితే రెండూ సమంగా కనిపిస్తాయి. లేదా తీసేసి అలా వదిలేయవచ్చు.

"నువ్వేమంటావు?" అని మా ఆయన్ను అడిగాను.

"మోసేది నువ్వు. నేనేం సెప్పేది?" అన్నాడు. తర్వాత ఒక గుండ్రటిదాన్ని చేతిలోకి తీసుకుని, "బరువుగానే ఉండాదే," అన్నాడు.

తీసేయమని చెప్పాను. డాక్టరమ్మ తొందరపడవద్దనీ, ఆలోచించుకుని రమ్మనీ పంపేసింది. ఈసారి ఆమె చెప్పినట్టే విన్నాను. నెలన్నర ఆగి మళ్లీ వెళ్లి అదే మాట చెప్పాను.

తీసినదాన్ని చూస్తానని ఆపరేషన్‌కు ముందే అడిగాను. మరుసటి రోజు నర్సు ట్రేలో తెచ్చి చూపించింది. నేను చెడిపోయినదాన్ని చూస్తాననుకున్నాను. అది ఏమాత్రం చెడలేదు. ఎక్కడా గీత లేదు, రంగు మారలేదు. ఆ రోజు బల్ల మీద నేను ఏరుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మా ఆయన వంగి చూశాడు. "బాగానే ఉండాది గదా. ఏమీ కాలేదే దీనికి," అన్నాడు.

"దానికేమీ కాలేదు," అన్నాను. నర్సు ట్రే తీసుకుని వెళ్లిపోయింది. ఆయన కిటికీ తెర కొంచెం లాగి, నా మీద ఎండ పడకుండా చేసి, టిఫిన్ తేవడానికి కిందికి వెళ్లాడు.